గోడ మూల మెత్తబడింది: ముందు రిపేరా, ముందు మార్పులా?

దారిపొడుగు
గత నెల సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) ఒకటి కొన్నాను. 2011 తయారీ, రెండు యాక్సిళ్లు, లోపల ఆరున్నర మీటర్ల పొడవు. స్టిక్కర్ మీద ఖాళీ బరువు 1,900 కిలోలు, అన్నీ సర్దుకున్నాక 2,700 దాటకూడదని ఉంది. కొనకముందే ఏమేం మార్చాలో పెద్ద లిస్టు రాసుకున్నాను. వెనక బంకు మంచాలు తీసేసి అక్కడో టేబుల్, వెనక పెట్టెలో రెండు లిథియం బ్యాటరీలు, రూఫ్ మీద 400 వాట్ల సోలార్, గ్యాస్ ఫ్రిజ్ బదులు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, నేలకి టైల్స్.

నిన్న ముందు మంచం కింద తుడుస్తుంటే ఎడమ మూలలో నేల మెత్తగా తగిలింది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. ఆ పక్క గోడ కాగితం జానెడు మేర అలలు అలలుగా ఉబ్బి ఉంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "అది ఎప్పటిదో, ఏం కాదు" అన్నాడు. చూపించినప్పుడు ఆ మూలలో పరుపు నిలబెట్టి ఉంచాడని ఇప్పుడు గుర్తొస్తోంది. చాలా బాధగా ఉంది.

సిలికాన్ ట్యూబులు రెండు తెచ్చాను. పైనుంచి ఒకసారి పూసేసి అనుకున్న పనులు మొదలుపెట్టనా? లేక ఆ మూల సంగతి తేలేదాకా మిగతావన్నీ ఆపాలా?

రెంచిరాణి
ఆ సిలికాన్ ట్యూబులు షాపులో వాపసు ఇచ్చేయండి. ట్రైలర్ రూఫ్ మీద సిలికాన్ ఒక్కసారి పడిందంటే దాని మీద తర్వాత ఇంకేదీ అంటదు. కొత్త సిలికాన్ కూడా అంటదు. రెండేళ్లకి అది అంచుల్లో లేస్తుంది, నీళ్లు దాని కిందకి దూరతాయి, పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రూఫ్ మీద వాడాల్సింది తనంతట తానే పరుచుకునే ల్యాప్ సీలెంట్. కిటికీలు, లైట్ల అంచు కిందకి బ్యూటైల్ టేపు, అంటే జిగట రబ్బరు టేపు. మిగతా లిస్టు పక్కన పెట్టండి, ముందు నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయో తేల్చండి.

చిట్టిబోల్టు
ఆ మూలకి సరిగ్గా పైన, బయట, చిన్న మార్కర్ లైటు ఉందా? ఉంటే అదే దొంగ. నా ట్రైలర్‌లో అదే.

గాలివాటం
నేనైతే ఇంత టెన్షన్ పడను. నా ట్రైలర్‌లో తలుపు దగ్గర నేల ఇలాగే మెత్తగా ఉంటుంది, ఆరేళ్లయింది. పైన ప్లైవుడ్ ముక్క కొట్టాను, దాని మీదే నడుస్తున్నాం. ప్రతి మరకకీ గోడ విప్పుకుంటూ పోతే ఇంక ఎప్పటికీ ప్రయాణం చేయలేరు. కొన్నది తిరగడానికి కదా.

పాతకాపు_68
గాలివాటం తమ్ముడూ, తలుపు దగ్గర నేలకీ ముందు మూల గోడకీ చాలా తేడా ఉంది. తలుపు దగ్గర తడి మన కాళ్లతో వచ్చింది. అక్కడ ప్లైవుడ్ కొడితే సరిపోయింది, మంచిదే. ముందు మూలలో తడి పైనుంచి దిగింది. అంటే రూఫ్‌కీ నేలకీ మధ్య ఉన్న చెక్క మొత్తం దాని దారిలోనే ఉంది. రోడ్డు మీద పోతున్నప్పుడు గాలి గుద్దేది కూడా ఆ ముందు గోడనే.

నాది చెబుతాను. నా మొదటి ట్రైలర్‌లో ఇలాంటి మూలే చూసి, వచ్చే సీజన్‌లో చూద్దాంలే అని రెండు సీజన్లు వదిలేశాను. మూడో ఏడు లోపలి పలక విప్పితే నిలువు చెక్క తడిసిన అట్టముక్కలా చేతికి ఊడొచ్చింది. దాన్ని పట్టుకుని ఉండాల్సిన స్క్రూలు తుప్పు పట్టి సూదుల్లా సన్నబడిపోయాయి. పై మంచం బరువు మోస్తున్నది నిజానికి గోడ కాగితమూ బయటి రేకూ మాత్రమే. ఆ మంచం మీద మా పిల్లలు పడుకునేవాళ్లు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

విప్పి చూడండి. లోపల బాగుంటే రెండు రోజుల పని. పాడైతే ఇప్పుడే తెలియడం మంచిది.

గాలివాటం
పిల్లల మంచం మాట విన్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గోడ సంగతి వేరే అని ఒప్పుకుంటా. నేల విషయంలో మాత్రం నా ప్లైవుడ్ నాదే 🙂

దారిపొడుగు
చిట్టిబోల్టు గారూ, అవును, సరిగ్గా పైనే లైటు ఉంది. అంచు చుట్టూ పాత సిలికాన్ కూడా పూసి ఉంది. అయితే ఇదేనా?

కొండమలుపు
తొందరపడకండి. నీళ్లు పడిన చోటే దూరాయని లేదు. పైన ఎక్కడో ఒక స్క్రూ రంధ్రంలో దూరి, అడ్డ చెక్క మీదుగా పాకి, ఎక్కడ దారి దొరికితే అక్కడ దిగుతాయి. మచ్చ కనిపించిన చోటికి మీటరు దూరంలో రంధ్రం దొరికిన వాళ్లను చూశాను.

రెండు పద్ధతులున్నాయి. ఒకటి గొట్టంతో నీళ్లు పట్టడం. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో అతుకు దగ్గర పదేసి నిమిషాలు పడుతూ పైకి వెళ్లాలి, ఒకరు లోపల టార్చితో చూస్తుండాలి. పైనుంచి పడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. రెండోది నాకు ఇష్టమైనది. కిటికీలు, వెంట్‌లు అన్నీ మూసి, ఒక వెంట్ దగ్గర గాలి ఊదే బ్లోయర్ పెట్టి చుట్టూ టేపు వేస్తే లోపల కొంచెం ఒత్తిడి పుడుతుంది. అప్పుడు బయట అతుకుల మీద సబ్బునీళ్లు స్ప్రే చేయండి. రంధ్రం ఉన్న చోట బుడగలు లేస్తాయి. ఇందులో చెక్క ఇంకా తడవదు, అది పెద్ద లాభం. గ్యాస్ మంటలు, పైలట్ అన్నీ ముందే ఆపేయండి.

రెంచిరాణి
తేమ మీటరు కూడా ఒకటి కొనండి, రెండు సూదులుండేది. చెక్కలో గుచ్చితే 15 శాతం లోపు చూపిస్తే పొడిగా ఉన్నట్టే. 20 దాటితే అక్కడ నీళ్లు తిరుగుతున్నాయి. మూల నుంచి అడుగు అడుగుకీ కొలిచి గోడ మీద పెన్సిల్‌తో అంకెలు రాసుకుంటూ వెళ్లండి. అంకెలు ఎటు పెరుగుతున్నాయో చూస్తే నీళ్లు వచ్చిన దారి మీకే కనిపిస్తుంది.

ఇంకొకటి, రూఫ్ ఏ రకమో ముందు తెలుసుకోండి. వేలితో రుద్దితే తెల్ల పొడి అంటిందా? అయితే ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరు పొర. పెట్రోలియం కలిసిన క్లీనర్లు దాని మీద వాడకూడదు, ఉబ్బిపోతుంది. టీపీవో అనే ప్లాస్టిక్ పొర అయితే ఆ పొడి అంతగా రాలదు. సీలెంట్ కొనేటప్పుడు డబ్బా మీద మీ రూఫ్ రకం పేరు ఉందో లేదో చూసి కొనండి.

వోల్టుమీటరు
మూల సంగతి మీరంతా చూసుకుంటున్నారు కాబట్టి కరెంటు గురించి నేను మాట్లాడతాను. దారిపొడుగు గారూ, లిథియం పెట్టే ముందు ఆ 2011 కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె) చూడండి. అప్పటివి చాలావరకు లెడ్ యాసిడ్ కోసం చేసినవి, 13.6 వోల్టుల దగ్గర ఆగిపోతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి 14.4 నుంచి 14.6 దాకా కావాలి. కన్వర్టర్ మార్చకపోతే బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు, మీరేమో బ్యాటరీ బాలేదని తిట్టుకుంటారు. చలి ప్రదేశాలకి వెళ్తారా? సున్నా డిగ్రీల కంటే తక్కువలో దీన్ని ఛార్జ్ చేయకూడదు, సెల్స్ శాశ్వతంగా పాడవుతాయి. చలిలో ఛార్జింగ్ దానంతటదే ఆపేసే రక్షణ ఉన్నదే కొనండి.

బ్యాటరీ ప్లస్ తీగకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు లోపే ఉండాలి. రెండు మీటర్ల అవతల ఫ్యూజు పెడితే ఆ రెండు మీటర్ల తీగకి కాపలా లేనట్టే.

నిదానమే_ప్రధానం
వోల్టుమీటరు గారు అసలైనది మర్చిపోయారు. బ్యాటరీ ముందు నుంచి వెనక్కి మారుస్తున్నారు కదా, బ్రేక్‌అవే స్విచ్ ఏమవుతుంది? ట్రైలర్ బండి నుంచి ఊడిపోతే సన్న తీగ లాగి, ట్రైలర్ బ్రేకులు తనంతట తానే పట్టించేది అదే. దానికి కరెంటు ట్రైలర్ బ్యాటరీ నుంచే వస్తుంది. మధ్యలో ఆన్ ఆఫ్ స్విచ్ పెట్టి, దాన్ని ఆఫ్ చేసి రోడ్డెక్కితే ఆ బ్రేకు చచ్చినట్టే. ఆ తీగ స్విచ్‌కి ఇవతల, బ్యాటరీ వైపే ఉండాలి. ఫ్యూజు మాత్రం దానికీ కావాలి.

వోల్టుమీటరు
నిజం. మంచి మాట గుర్తు చేశారు. బ్యాటరీ విప్పి షెడ్డులో పెట్టి, ఖాళీ ట్రైలర్‌ని పక్క వీధికే కదా అని లాగేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

సగంసామాను
లిస్టు మొత్తం చదివాక నన్ను కలవరపెట్టినవి రెండే, వెనక బ్యాటరీలు, నేల టైల్స్. ఎవరూ బరువు గురించి మాట్లాడటం లేదు.

సిరామిక్ టైల్స్, కింద గమ్ముతో కలిపి, చదరపు మీటరుకి దాదాపు 20 కిలోలు. ఎనిమిది చదరపు మీటర్లు అనుకుంటే 160 కిలోలు నేలకే పోయింది. పైగా రోడ్డు మీద ట్రైలర్ నేల ప్రతి గతుక్కీ మెలి తిరుగుతుంది, టైల్ మెలి తిరగదు, పగుళ్లు ఖాయం. వినైల్ షీటు వేయండి, బరువు ఏ మూలకూ రాదు.

బ్యాటరీల లెక్క ఇలా. 100 ఆంపియర్ అవర్ లిథియం ఒకటి పన్నెండు కిలోల చొప్పున రెండూ 24. యాక్సిల్ నుంచి వెనక్కి రెండు మీటర్లు, యాక్సిల్ నుంచి హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే చోటు) దాకా నాలుగున్నర మీటర్లు అనుకుంటే, హిచ్ మీద బరువు 24 ఇంటూ 2 బై 4.5, అంటే పదకొండు కిలోలు తగ్గుతుంది. ఒక్కటే అయితే ఏం కాదు. కానీ ఇప్పుడు ముందున్న లెడ్ యాసిడ్ తీసేస్తున్నారు కాబట్టి అక్కడా తగ్గుతుంది. వెనక పనిముట్ల పెట్టె, సైకిళ్లు, వెనక నీళ్ల ట్యాంకు అన్నీ కలిస్తే తెలియకుండానే హిచ్ తేలికైపోతుంది. హిచ్ తేలికైతే తోక ఊగడం మొదలవుతుంది. టంగ్ వెయిట్, అంటే హిచ్ మీద పడే ఈ బరువు, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి.

కొండమలుపు
10 నుంచి 15 అన్నది ఉత్తర అమెరికా లెక్క. యూరప్‌లో 5 నుంచి 7 శాతంతోనే లాగుతారు, అక్కడ చాలా కార్ల హిచ్ పరిమితే 75 నుంచి 100 కిలోలు. వాళ్లు సుఖంగానే తిరుగుతున్నారు కదా? అంకెని మంత్రంలా పట్టుకోవద్దని నా మాట.

సగంసామాను
తిరుగుతున్నారు, కానీ ఏ ట్రైలర్లతో, ఎంత వేగంతో? అక్కడి కారవాన్లు తేలిక. బరువైనవన్నీ యాక్సిల్ దగ్గరే సర్దుతారు, హిచ్‌లోనే రాపిడితో ఊగును ఆపే ఏర్పాటు ఉంటుంది. జర్మనీలో మామూలుగా గంటకి 80 కిలోమీటర్లే, ప్రత్యేక అనుమతి ఉంటే 100. రెండున్నర టన్నుల పొడవాటి ట్రైలర్‌కి ఆ 6 శాతం తెచ్చి, 110లో పోతే ఏమవుతుందో నేను చూశాను. కొండమలుపు గారి మాటలో ఒకటి మాత్రం నిజం, శాతం ఒక్కటే చాలదు. ముందు చివర వంద, వెనక చివర వంద పెట్టి శాతం సరిచేసినా లాభం లేదు. రెండు చివర్లా బరువుంటే ఒకసారి ఊగిందంటే ఆగదు. బరువు నడుమ ఉండాలి.

నిదానమే_ప్రధానం
ఊగడం అంటే ఏంటో తెలియని వాళ్ల కోసం రాస్తున్నా. దిగుడు రోడ్డు, పక్క నుంచి పెద్ద ట్రక్కు దాటింది. ముందు దాని గాలి మమ్మల్ని నెట్టింది, తర్వాత లాగింది. అద్దంలో చూస్తే నా ట్రైలర్ ఎడమ అంచు కనిపించింది, తర్వాత కుడి అంచు, మళ్లీ ఎడమ. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. స్టీరింగ్ చేతిలో లేనట్టు అనిపించింది. కాలు బ్రేకు మీదకి దానంతటదే వెళ్లిపోతుంది, ఆ పని చేయకూడదు. బండి ఆగితే వెనక ట్రైలర్ ముందుకు తోస్తుంది. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, బండిలో డ్రైవర్ దగ్గరుండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీద ఉన్న చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించాలి. అది వెనక్కి లాగి వరసలోకి తెస్తుంది. నాకు తెచ్చింది. కారణం ఏంటో తర్వాత తేలింది, వెనక ట్యాంకు నిండా నీళ్లు, వెనక రాక్ మీద నాలుగు సైకిళ్లు.

మీ కంట్రోలర్ చేతి మీట ఎక్కడుందో చూడకుండా చేత్తో తడిమి పట్టుకోగలరా? ఇంటి ముందు నిలబెట్టి పదిసార్లు అభ్యాసం చేయండి.

దారిపొడుగు
ఇది చదివి చెమటలు పట్టాయి. నా పనిముట్ల పెట్టె వెనకే ఉంది, నీళ్ల ట్యాంకు కూడా యాక్సిల్ వెనకే, 150 లీటర్లది. టంగ్ వెయిట్ ఇంట్లో కొలవొచ్చా?

సగంసామాను
బాత్రూమ్ తూకం చాలు. గట్టి చెక్క దూలం ఒకటి, ఒక చివర ఇనుప గొట్టం మీద, రెండో చివర తూకం మీద పడేలా పెట్టండి, రెంటి మధ్య సరిగ్గా 90 సెంటీమీటర్లు. గొట్టం నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర ట్రైలర్ ముక్కు ఆనించండి. తూకం చూపించింది మూడు రెట్లు చేయండి, అదే టంగ్ వెయిట్. కొలిచేటప్పుడు ట్రైలర్ సమంగా ఉండాలి, చక్రాలకి అడ్డ చెక్కలు తప్పకుండా పెట్టాలి. మొత్తం బరువు మాత్రం లారీలు తూచే వేబ్రిడ్జి మీదే తూచండి, ప్రయాణానికి ఎలా సర్దుతారో అచ్చం అలాగే సర్ది. స్టిక్కర్ మీది 1,900 నమ్మకండి, అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు బరువు.

చిట్టిబోల్టు
టైర్లు చూశారా? పక్కన డాట్ (DOT) అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి, తయారైన వారం, ఏడాది.

దారిపొడుగు
చూశాను. నాలుగింటి మీదా 1714 అని ఉంది. గాట్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, ఎక్కువ తిరగలేదని అమ్మినాయన గొప్పగా చెప్పాడు.

చిట్టిబోల్టు
2014లో 17వ వారం. గాట్లు ఎలా ఉన్నా నాలుగూ మార్చాలి. ట్రైలర్ టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. నిలబడి నిలబడి, ఎండకి లోపల రబ్బరు ఎండిపోతుంది. ఐదారేళ్లు దాటితే నేను ఉంచను.

గాలివాటం
దీనికి మాత్రం అడ్డు చెప్పను. నా టైరు ఒకటి పేలినప్పుడు దాని చీలికలు చక్రం పైనున్న గూడుని పగలగొట్టి, లోపల అలమర అడుగు చీల్చాయి. గ్యాస్ పైపు పక్క నుంచే పోయింది, బెత్తెడు తేడాలో తప్పింది. టైరు కంటే రిపేరుకే ఎక్కువ పట్టింది. గాలి కూడా చల్లగా ఉన్నప్పుడే, బయల్దేరే ముందే కొలవాలి. పక్కన రాసి ఉన్న గరిష్ఠ అంకె దాకా కొడతాను నేను.

పాతకాపు_68
చక్రాలు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బేరింగులు కూడా చూసేయండి. పాత ట్రైలర్ కొన్నవాడు మొదట చేయాల్సిన పని ఇది. అమ్మినవాడు చేయించానన్నా మళ్లీ చేయాల్సిందే.

ముందు చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టక్ టక్ అంటే వదులు. తిప్పితే గరగరలాడితే బేరింగు పోయింది. హబ్ విప్పి, పాత గ్రీజు మొత్తం కడిగి, రోలర్లని వెలుతురులో తిప్పి చూడండి. నీలం రంగు తిరిగినా, గుంటలు పడినా కొత్తది వేయాలి, బయటి గిన్నె కూడా దానితో పాటే మార్చాలి. గ్రీజు పట్టించడం ఇలా. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు వేసుకుని, బేరింగు వెడల్పు అంచుని ఆ ముద్ద అంచులోకి గుచ్చి గుచ్చి లాగాలి. రోలర్ల మధ్య నుంచి రెండో వైపు గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా గుచ్చాలి. అప్పుడు కొంచెం తిప్పి మళ్లీ. చుట్టూ అంతే. తర్వాత చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ పూర్తిగా వదులు చేసి, వేళ్లతో ఎంత వస్తే అంతే బిగించాలి. రెంచితో కాదు. గట్టిగా బిగిస్తే బాగుంటుందనుకునే చోటే బేరింగు కాలిపోతుంది. నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ కొత్తది వేయండి, పాతది వంచి మళ్లీ పెట్టకండి.

ఏడాదికోసారి, లేదా పదహారు నుంచి పంతొమ్మిది వేల కిలోమీటర్ల లోపు, ఏది ముందొస్తే అది.

కొండమలుపు
నా యాక్సిల్‌కి మధ్యలో గ్రీజు గన్ పెట్టే నిప్పిల్ ఉంది. చక్రం తిప్పుతూ గ్రీజు ఎక్కిస్తే సరిపోతుంది, ఇదంతా విప్పనక్కర్లేదు.

పాతకాపు_68
సరిపోతుంది, సీలు బాగున్నంత కాలం. ఒక పంపు ఎక్కువైతే వెనక సీలు తన్నుకుని గ్రీజు మొత్తం బ్రేకు షూల మీద పడుతుంది. అది బయటికి కనిపించదు, బ్రేకు అవసరమైన రోజే తెలుస్తుంది. ఎక్కించినా సరే, ఏడాదికోసారి డ్రమ్ము విప్పి షూలు చూడండి.

రెంచిరాణి
దారిపొడుగు గారూ, తేమ అంకెలు ఏమయ్యాయి?

దారిపొడుగు
మూడు రోజులుగా అదే పని. మూలలో కింద 34, నడుమ 31. లైటు దగ్గర 14 మాత్రమే! అక్కడి నుంచి పక్క గోడ పైన వెనక్కి వెళ్తుంటే మళ్లీ 22, 28. నిన్న సాయంత్రం కొండమలుపు గారు చెప్పినట్టు బ్లోయర్ పెట్టి సబ్బునీళ్లు కొట్టాం. లైటు చుట్టూ ఒక్క బుడగ లేదు. ఆనింగ్ (బయటికి చాపే నీడ గుడ్డ) పట్టా స్క్రూల దగ్గర, మూల నుంచి 60 సెంటీమీటర్ల అవతల, మా అమ్మాయి "ఇక్కడ, ఇక్కడ" అని అరిచింది. మూడు స్క్రూల చుట్టూ సన్నటి నురగ, నాలుగో దాని దగ్గర శనగగింజంత బుడగ లేచి పగిలి మళ్లీ లేస్తోంది. కాసేపు అందరం దాన్నే చూస్తూ నిలబడిపోయాం.

చిట్టిబోల్టు
నా లైటు నిర్దోషి. తప్పు నాదే, కొండమలుపు గారిదే గెలుపు.

కొండమలుపు
అమ్మాయికి చెప్పండి, సగం మంది మెకానిక్కులు కనిపెట్టలేనిది కనిపెట్టిందని.

వోల్టుమీటరు
ఈలోగా సోలార్ గురించి ఇంకో మాట. ఆ నాలుగు స్క్రూ రంధ్రాలే ఇంత చేశాయి. రూఫ్ మీద 400 వాట్లు బిగిస్తే కనీసం పదహారు కొత్త రంధ్రాలు. వద్దనడం లేదు, నా రూఫ్ మీదా ఉన్నాయి. ప్రతి కాలు కింద బ్యూటైల్, పైన సీలెంట్, ఆరు నెలలకోసారి ఎక్కి చూసే ఓపిక ఉంటేనే పెట్టండి. ఎక్కువగా చెట్ల కింద ఆగేవాళ్లయితే పొడవాటి తీగతో నేల మీద ఎండలో పెట్టే మడత ప్యానెళ్లే మేలు.

లెక్క కూడా వేసుకోండి. రూఫ్ మీద పడుకోబెట్టిన 400 వాట్లు మంచి ఎండ రోజున 1,200 నుంచి 1,500 వాట్ అవర్స్ ఇస్తాయి. కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి 40 నుంచి 60 ఆంపియర్ అవర్స్ తాగుతుంది, అంటే 500 నుంచి 750 దానికే పోతుంది. ముందు పాత బ్యాటరీతో రెండు ట్రిప్పులు తిరిగి, రోజుకి నిజంగా ఎంత వాడుతున్నారో మీటరుతో చూడండి. మీకు రెండు బ్యాటరీలు అక్కర్లేకపోవచ్చు.

రెంచిరాణి
గ్యాస్ ఫ్రిజ్ పని చేస్తుంటే అప్పుడే తీయొద్దు కూడా. సమంగా నిలబెడితే ఏళ్ల తరబడి నడుస్తుంది. వాలుగా నిలబెట్టి నడిపితేనే లోపల ద్రవం తిరగక పాడవుతుంది.

అన్నట్టు నేలకి దగ్గరగా ఉండే గ్యాస్ డిటెక్టర్ తేదీ చూశారా? ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కింద పేరుకుంటుంది, అందుకే అది కింద ఉంటుంది. ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్లు.

దారిపొడుగు
వెనక 2011 అని ఉంది. టెస్ట్ బటన్ నొక్కితే మోగుతోంది మరి.

రెంచిరాణి
బటన్ నొక్కితే మోగేది బజర్ మాత్రమే. గ్యాస్‌ని పసిగట్టే సెన్సర్ ఎప్పుడో పోయి ఉంటుంది. ఈ రోజే మార్చండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా. దయచేసి కొత్తవి వచ్చేదాకా అందులో పడుకోకండి.

దారిపొడుగు
రెండూ కొన్నాను.

మూడు వారాల తర్వాత చెబుతున్నాను. లోపలి పలక విప్పాం. మూల నిలువు చెక్క కింద సగం పోయింది, దాని పక్కది అడుగు మేర. పాతకాపు గారు అన్నట్టు అట్టముక్కే, స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. నేల ప్లైవుడ్ 40 సెంటీమీటర్ల ముక్క కోసి తీశాం. రేకు తీసిన రోజు వచ్చిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది. పది రోజులు తేమ లాగే మెషిన్ పెట్టాం, అంకెలు 13కి వచ్చాక కొత్త చెక్క వేశాం. గట్టి చెక్క ఉన్న చోటి దాకా కోసి, పక్కన ఇంకో చెక్క జోడించి గమ్ము, స్క్రూలు. ఆనింగ్ పట్టా మొత్తం విప్పి, పాత సిలికాన్ ప్లాస్టిక్ గీకుడుతో గంటల తరబడి గీకి, కింద కొత్త బ్యూటైల్ టేపు పరిచి, ప్రతి స్క్రూ రంధ్రంలో సీలెంట్ నింపి బిగించాం.

ఒక ప్రశ్న. కుళ్లిన చెక్కని గట్టిపరిచే ఎపాక్సీ ద్రవం పోస్తే కోయక్కర్లేదని కొందరు చెప్పారు. నేను నమ్మలేక కోసేశాను. సరిగ్గానే చేశానా?

పాతకాపు_68
సరిగ్గా చేశారు. కిటికీ అంచు లాంటి చోట చిన్న మచ్చకి ఆ ద్రవం పనికొస్తుంది. బరువు మోసే చెక్కకి కాదు. పైన గట్టిపడుతుంది, లోపల కుళ్లు అలాగే ఉంటుంది.

గాలివాటం
నేను కూడా నా తలుపు దగ్గర ప్లైవుడ్ ఎత్తి చూశాను, మీ అందరి పుణ్యమా అని. తేమ 12. ఊపిరి పీల్చుకున్నాను.

సగంసామాను
తూకం?

దారిపొడుగు
తూచాను. ట్యాంకు నిండా నీళ్లతో, అన్నీ సర్ది 2,480. టంగ్ వెయిట్ 215. అంటే 8.7 శాతం. పనిముట్ల పెట్టె, 25 కిలోలు, వెనక నుంచి ముందు అరలోకి మార్చాను. ఒక్క పెట్టెకే 248కి వచ్చింది, సరిగ్గా పది. ట్యాంకు ఖాళీ చేసి తూస్తే మొత్తం 2,330, టంగ్ 298, దాదాపు 13 శాతం. నా బండి హిచ్ పరిమితి 350 కాబట్టి అదీ సరిపోయింది.

సగంసామాను
అదీ! ఇక నుంచి ట్యాంకులో అవసరమైనన్ని నీళ్లే పోసుకుని, దిగాక నింపుకోండి. మీ లెక్కలో ఒక్క పెట్టెని ముందు అరలోకి మార్చడమే అన్నిటికంటే పెద్ద మాడిఫికేషన్.

నిదానమే_ప్రధానం
హిచ్ తగిలించాక ఒక పరీక్ష మర్చిపోకండి. లాక్ వేశాక ముందు జాకీతో ట్రైలర్ ముక్కుని కొంచెం పైకి లేపండి. బండి వెనక భాగం కూడా దానితో పాటు లేవాలి. లేవకపోతే బండి హిచ్ మీది ఇనుప బంతి లాక్‌లో కూర్చోలేదన్నమాట. గొలుసులు ముక్కు కింద అడ్డంగా కత్తెరలా వేయండి, ఊడితే ముక్కు వాటిలో పడుతుంది.

దారిపొడుగు
అన్నీ చేసి మొన్న రెండు రాత్రుళ్లకి వెళ్లొచ్చాం. లిస్టులో ఇప్పటిదాకా చేసినవి టేబుల్, వినైల్ షీటు అంతే. టేబుల్ కూడా ఒక బంకు మాత్రమే తీసి పెట్టాను, రెండోది కావాలని అమ్మాయి పట్టుబట్టింది. ఫ్రిజ్ పాతదే, చల్లగా పని చేసింది. బ్యాటరీ మీటరు చూస్తే రోజుకి 30 ఆంపియర్ అవర్స్ కూడా దాటలేదు.

మొదటి రాత్రే గట్టి వాన. రెండింటికి లేచి, టార్చి వేసుకుని, మంచం కిందకి దూరి ఆ మూలలో చేయి పెట్టాను. పడుకునే ముందు అక్కడ ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టాను. పొడిగా ఉంది. పొద్దున మళ్లీ చూశాను, అప్పుడూ పొడిగానే ఉంది.

రెంచిరాణి
చాలా సంతోషం. ఇది చదువుతుంటే నాకే వాన చప్పుడు వినిపించింది. ఆ కాగితం అక్కడే ఉంచండి, రూఫ్ మీద సీలెంట్ మళ్లీ ఆరు నెలలకి చూడండి.

చిట్టిబోల్టు
కొత్త టైర్లు వేశాక చక్రాల లగ్ నట్లు మళ్లీ బిగించారా?

దారిపొడుగు
80 కిలోమీటర్ల దగ్గర ఆగి టార్క్ రెంచితో చూశాను. కుడి వెనక చక్రానికి రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.

చిట్టిబోల్టు
ఇంకో 80కి మళ్లీ చూడండి.